పొంగని చుక్క

నర్సు మార్త చేతికి సంకెళ్ళు వెయ్యడానికి సీఐ వరహాలబాబు పెట్టుకున్న ముహూర్తం మధ్యాహ్నం మూడు గంటలు. వర్జ్యం, రాహుకాలం చూసుకుని పెట్టాడని కాదు. రేపటి పేపర్లో ఫోటో రావాలంటే ఆ వేళకి పని పూర్తవ్వాలని విలేఖరులు ముందే చెప్పి ఉంచారు.

"ఇంకా రెండు గంటల పైనే ఉంది," అంది ప్రేమమణి, ఊపిరి పరీక్షలు చేసే గది గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ.

"రెండు గంటల్లో ఏం పీకుతారండీ? పెళ్ళికొడుకు సిగరెట్లు కాలుస్తాడా లేదా అని కనుక్కోడానికే మీకు వారం పడుతుంది కదా!" అన్నాడు వరహాలబాబు.

"కాలుస్తాడో లేదో కనుక్కుని చెబుతానండీ. కాల్చనివాడి జేబులో పెట్టె పెట్టి చెప్పను. అందుకే ఆలస్యం."

పక్కనున్న కానిస్టేబుల్ దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. ఒకప్పుడు వీళ్ళిద్దరూ ఒకే స్టేషన్లో ఎస్సైలు. దొరికినవాణ్ణి దొంగగా తయారు చెయ్యడం వరహాలబాబుకి వెన్నతో పెట్టిన విద్య. ఆ విద్య ఒంటబట్టక ప్రేమమణి ఉద్యోగానికి దణ్ణం పెట్టి, మెట్టుగూడలో టైలరు షాపు మీది గదికి డిటెక్టివ్ ఏజెన్సీ అని బోర్డు తగిలించుకుంది. ఆయనకి ప్రమోషన్లు వచ్చాయి. ఈవిడకి పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలు వచ్చాయి. దేవుడి దయ వల్ల ఇద్దరికీ తీరిక లేదు.

ఈ కేసులోకి ఆమెని లాక్కొచ్చింది మార్త తల్లి. చర్చిలో ఆవిడా ప్రేమమణీ ఒకే బెంచీ. ఆదివారం ప్రార్థన అయ్యేదాకా ఆగలేక, ఇవాళ శనివారం పొద్దున్నే వచ్చి, మెట్ల మీద కూలబడి ఏడ్చింది. ఏసీపీని బతిమాలి ప్రేమమణి సంపాదించుకున్న గడువు మూడింటి దాకా.

జరిగింది చెప్పడానికి రెండు ముక్కలు చాలు. వెస్ట్ మారేడ్‌పల్లిలోని ఈ ఆస్తమా పరిశోధన కేంద్రంలో, గురువారం పొద్దున, విజయనగరం వైపు నుంచి బస్సులో రప్పించిన సన్యాసిరాజు అనే జనపనార మిల్లు కార్మికుడు, పరిశోధన కోసం దుమ్ముతో తయారుచేసిన మందు పీలుస్తూ ఊపిరాడక చచ్చిపోయాడు. ఆ మందు కలిపింది మార్త. కాబట్టి చంపింది మార్త. వరహాలబాబు లెక్కల పుస్తకంలో దీనికి మూడో మెట్టు లేదు.

గదిలో ఒక వాలు కుర్చీ, మందుని పొగలా చేసి మాస్కులోకి పంపే మిషను, గోడకి గడియారం, కుర్చీకి చెయ్యందే దూరంలో ఒక ట్రే. ట్రేలో ప్రాణం మీదికి వచ్చినప్పుడు పొడిచే సూది. దాని మీది కాగితం సీలు ఇంకా చిరగలేదు.

ప్రేమమణి ఆ సీలుని వేలితో తడిమింది. "మనిషి ఇక్కడ కొట్టుకుని కొట్టుకుని పోయాడు. సూది ఇక్కడే ఉంది. ఎవరూ పొడవలేదేం?"

"నేను లేను మేడమ్," అంది మార్త. ఏడ్చి ఏడ్చి గొంతు కీచుగా అయింది. "నేనుంటే పొడవకుంట ఎట్లుంట? డైరెక్టర్ సారు గేటు కాడికి పొమ్మన్నడు. ఢిల్లీ నుంచి కమిటీ వస్తున్నది, పూలగుత్తి పట్టుకొని నిలబడు అన్నడు. నేను గిట్ల మధ్యల విడిచిపెట్టి పోవద్దు సార్ అన్న. వినలే. డాక్టర్లందరు సుత గేటు కాడ్నే ఉండిరి."

"అంటే పేషెంటు ఊపిరి ఇక్కడ, నర్సు గేటు దగ్గర, పూలు నర్సు చేతిలో." ప్రేమమణి చెవులు ఎర్రబడ్డాయి. కోపం వస్తే ఆమెకి ముందు చెవులకే తెలుస్తుంది. "ఇది రాసుకున్నారా సీఐ గారూ?"

"పూలు పట్టుకోవడం ఐపీసీలో నేరం కాదమ్మా. మందు తప్పు కలపడం నేరం. ఈవిడ బండారం సోమవారమే బయటపడింది. అడగండి, చర్మం పరీక్ష సంగతి."

మార్త తన ముంజేతి మీద వేలు పెట్టి చూపించింది. "మూడు చుక్కలు పెడ్తం మేడమ్. చుక్కకొక చిన్న పోటు. మొదటిది ఉప్పు నీళ్ళు, అది ఎవరికీ పొంగొద్దు. రెండోది హిస్టమిన్, దురద పుట్టించేది. అది ఎవరికైనా పొంగాలె, నాకైనా, మీకైనా. మూడోది దుమ్ము మందు. అది దుమ్ము పడనోళ్ళకే పొంగుతది. సన్యాసిరాజుకు మూడోది పొంగలే. రెండోది సుత పొంగలే. నాకు పరేషాన్ అయి సుమిత్ర మేడమ్‌కు చెప్పిన."

"విన్నారుగా! అందరికీ పొంగాల్సిన చుక్క పొంగలేదంటే ఏమిటర్థం? సీసాలో మందు చచ్చింది. మూత తీసి వదిలేసిందో, నీళ్ళే కలిపిందో. అక్కడ నీళ్ళు కలిపిన చెయ్యి ఇక్కడ మందు ఎక్కువ కలిపింది. కేసు క్లోజ్."

"ఆ సీసా ఉందా?"

"సీలు చేసి నా దగ్గరే పెట్టాను."

"అయితే తేలికే. చచ్చిందో బతికుందో నా చేతి మీద పొడిచి చూద్దాం. చుక్క పొంగిందా, మార్త తప్పు లేదు. పొంగలేదా, మీరు ఫోటో తీయించుకోండి."

"ప్లీజ్, ఇవాళ ఇంకెవరికీ ఏమీ కాకూడదు," అన్న మెత్తటి గొంతు గుమ్మంలోంచి వినిపించింది. డాక్టర్ సుమిత్ర. ఈ పరిశోధన రోజువారీ పనంతా చూసేది ఆవిడే. సన్నటి మనిషి, నలగని కాటన్ చీర, ఆ కేంద్రంలో మార్తని ఇంతవరకూ ఒక్క మాటా అనని డాక్టరు ఆవిడొక్కతే. "మీ మొహం పాలిపోయిందేమిటండీ? బస్సులో వచ్చారా?"

"బస్సులో ఏమిటి, డ్రైవరు వెనకాల డీజిలు పొగలో వచ్చాను. కడుపులో తిప్పుతోంది."

"రండి, నా గదిలో కాస్సేపు కూచోండి."

సుమిత్ర గదిలో ఫ్యాను కింద కూచోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి, అడగకుండానే పాఠం మొదలుపెట్టింది. ఆవిడకి ఇష్టమైన సంగతి అది. చెబుతుంటే కళ్ళు మెరిశాయి.

"దుమ్ము శత్రువు కాదండీ. పరుపుల్లో, చాపల్లో కంటికి కనబడని పురుగులుంటాయి, వాటి పొట్టు అంతే. కానీ కొందరి ఒంట్లో రోగాల్ని అడ్డుకునే వ్యవస్థ దాన్ని శత్రువనుకుంటుంది. ఐజీఈ అనే యాంటీబాడీని తయారుచేసి, కణాల మీద కాపలా కూచోబెడుతుంది. మళ్ళీ దుమ్ము వచ్చిందా, ఆ కణాలు ఒక్కసారిగా హిస్టమిన్ లాంటివన్నీ కుమ్మరిస్తాయి. ఊపిరి గొట్టాలు వాచి బిగుసుకుపోతాయి."

"అంటే దుమ్ము చేసే హాని రవ్వంత, దుమ్ముని చూసి ఒళ్ళు చేసే వీరంగం కొండంత," అంది ప్రేమమణి. "దారిన పోయే అమాయకుణ్ణి పట్టుకోడానికి లాఠీఛార్జి చేసి, వీధిలో అద్దాలన్నీ బద్దలుకొట్టినట్టు. ఇలాంటి అధికారిని నేనొకణ్ణి ఎరుగుదును."

సుమిత్ర నవ్వింది. "కానీ కొందరుంటారండీ, రక్తంలో ఐజీఈ నిండా ఉంటుంది, ఒళ్ళు మాత్రం ఉలకదు పలకదు. నేను వాళ్ళకి శాంత వర్గం అని పేరు పెట్టాను. వాళ్ళ ఒంట్లో ఆ గొడవని ఎవరు అణుస్తున్నారో తెలిస్తే ఆస్తమాకి మందు దొరికినట్టే. అలాంటి వాళ్ళు పదిమంది దొరికితే పుస్తకాలు తిరగరాయాలి. సన్యాసిరాజు ఆ వర్గమే అనుకున్నాం, పాపం. అందుకే మోతాదు పెద్దది పెట్టాం."

"రెండో చుక్క పొంగలేదని మార్త చెప్పినప్పుడు మీరేం చేశారు?"

"డైరెక్టరు గారికి చెప్పాను. ఆయన కానిమ్మన్నారు." సుమిత్ర సొరుగులోంచి చిన్న తెల్ల బిళ్ళ ఒకటి తీసి, అరచేతిలో పెట్టింది. "ఇది వేసుకోండి, వాంతి తగ్గుతుంది. ఓ గంటపోయాక మీ చేతి మీద పరీక్ష నేనే దగ్గరుండి చేయిస్తాను."

ప్రేమమణి చిన్నప్పుడు సండే స్కూల్లో పాస్టరుగారు ఇచ్చిన చాక్లెట్టు కూడా ఇంటికి పట్టుకెళ్ళి అమ్మకి చూపించాకే నోట్లో వేసుకున్న మనిషి. ఫోను మోగి సుమిత్ర అటు తిరగ్గానే నీళ్ళు తాగేసి, బిళ్ళని హ్యాండ్‌బ్యాగులోకి జారవిడిచింది.

బయట మెట్ల మీద సన్యాసిరాజు భార్య అప్పలలక్ష్మి కూచుని ఉంది. గురువారం నుంచీ అక్కడే. శవం ఎప్పుడిస్తారో చెప్పిన నాథుడు లేడు. కమిటీ వాళ్ళకని తెచ్చిన కుర్చీలు డజను పక్కనే దొంతరపెట్టి ఉన్నాయి, ఒక్కటి తీసి ఆమెకి వేసే చెయ్యి లేకపోయింది. ప్రేమమణి రెండు కుర్చీలు చప్పుడయ్యేలా లాగి, ఒకదాంట్లో ఆమెని కూచోబెట్టి, రెండోదాంట్లో తాను కూచుంది.

"ఆ పోలీసుబాబుది మా దేశవేనంటమ్మా," అంది అప్పలలక్ష్మి. "బాబూ, మనూరి మడిసి సచ్చిపోనాడు, ఓపాలి మాటాడు అన్నాను. మొకం గూడా సూడనేదు."

"చూస్తాడులే. చూసేలా చేద్దాం. మీ ఆయనకి ఆయాసం ఉండేదా?"

"మిల్లులో పనోళ్ళకి ఎవులికి నేదమ్మా? సలికాలవొస్తే పిల్లికూతలే. ఈ డాటర్లకీ సెప్పినాం. 'పర్లేదు, మీ ఆయన ఇంకో రకం' అన్నారు."

"సోమవారం బస్సు దిగి తిన్నగా ఇక్కడికే వచ్చారా?"

"అవునమ్మా. ఆయనకి బస్సు పడదు. ఎక్కితే వోంతులే. అయితే టికెట్టు కవర్లోనే బిళ్ళలెట్టి పంపినారు. ఎక్కినప్పుడొకటి, తెల్లారగట్ల ఒకటి మింగమన్నారు. ఏటి మందో గానీ, ఒక్క వోంతి నేదు, సంటిపిల్లడి నాగ నిద్దరోనాడు."

ప్రేమమణి ముందుకి వంగింది. "గురువారం కూడా మింగాడా?"

"గురువారానికని ఇంకోటి ఇచ్చినారు. పొద్దున్నే మింగి రమ్మన్నారు. ఈయన మింగనేదు." అప్పలలక్ష్మి కొంగు చివరి ముడి విప్పింది. "ఈ పక్క సత్రంలోంచి నడిసొచ్చే దానికి బిళ్ళ దండగే, తిరుగు బస్సుకి పనికొస్తాది, దాయే అన్నాడు. దాసినాను. ఇప్పుడీ తిరుగు పెయాణం ఎవులికమ్మా?"

ముడిలో చిన్న తెల్ల బిళ్ళ. ప్రేమమణి హ్యాండ్‌బ్యాగు తెరిచింది, లోపలికి చూసింది, మూసింది. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. లేచి వీధిలోని ఎస్టీడీ బూతుకి వెళ్ళి, పద్మారావు నగర్లో తను ఎప్పుడూ కొనే మందుల షాపుకి ఫోను చేసి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. జవాబు విన్నాక, "థాంక్స్ బాబూ, ఖాతాలో రాసుకో," అని పెట్టేసింది.

తిరిగి వచ్చేసరికి డైరెక్టరు రామభద్రరావు గదిలో కాఫీలు నడుస్తున్నాయి. సీఐ ముందు సీలు వేసిన సీసా. గోడవార మార్త నిలబడి ఉంది. ఆమెకి కాఫీ లేదు.

"చూడండమ్మా," అన్నాడు డైరెక్టరు, "సుమిత్ర నాకు చెప్పిన మాట నిజమే. కానీ అది పెద్ద విషయం కాదు. ఎండలో, దుమ్ములో బతికే లేబర్ కదా, తోలు మందం. అలాంటి వాళ్ళకి చుక్కలు పొంగవు. నా అనుభవంలో చెబుతున్నాను."



"తోలు మందం," అంది ప్రేమమణి నెమ్మదిగా. "ఒక మనిషి ఊపిరి ఆ మాట మీద పెట్టారన్నమాట. బావుంది. డైరెక్టరు గారు తోలు మందమంటారు, సీఐ గారు సీసా చచ్చిందంటారు. ఇద్దరి మాటా ఒక్క పోటుతో తేలుతుంది. మార్తా, ఆ సీసా ఇటు తే. నా చెయ్యి వద్దు. సీఐ గారూ, మీరు చొక్కా మడవండి."

"నేనా!"

"చచ్చిన సీసాకి భయమెందుకండీ? పైగా అరెస్టు చేసేది మీరు, సాక్ష్యం మీ ఒంటి మీదే ఉంటే ఎంత సుఖం! ఇరవై ఏళ్ళు ఎండలో డ్యూటీ చేశారు, డైరెక్టరు గారి లెక్కన ఈ గదిలో మీ తోలుకి సాటి రాగలది ఏదీ లేదు."

కానిస్టేబుల్‌కి మళ్ళీ దగ్గొచ్చింది. వరహాలబాబుకి ఒప్పుకోక తప్పలేదు. మార్త సీలు విప్పి, ఆయన ముంజేతి మీద చుక్క పెట్టి పొడిచింది.

అందరూ ఆ ముంజేతినే చూస్తూ కూచున్నారు. పాలు పొంగుతాయా లేదా అని గృహప్రవేశంలో గిన్నె చుట్టూ మూగినట్టుంది వ్యవహారం. సీఐ నడుముకున్న పేజరు కుయ్యిమంది, ఆయన కదల్లేదు. ముందు ఎర్రగా అయింది. తర్వాత దోమ కుట్టినట్టు లేచింది. చూస్తూ చూస్తూండగా అర్ధరూపాయి బిళ్ళంత తెల్లగా ఉబ్బి, చుట్టూ కందిపోయింది.

"దురదండీ! గోకొచ్చా?"

"వద్దండీ. సాక్ష్యం చెడుతుంది."

మార్త రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"సీసా బతికే ఉంది," అంది ప్రేమమణి. ఇప్పుడు గొంతులో వేళాకోళం లేదు. "తోలు ఎవరిదైనా తోలే. సన్యాసిరాజు చుక్క పొంగలేదంటే అతని ఒంట్లో దాన్ని పొంగనివ్వని మందు అప్పటికే ఉంది. బస్సు వాంతుల బిళ్ళ. అది దురద తగ్గించే మందుల జాతిదే, ఒకట్రెండు రోజులు చర్మం నోరు మూయిస్తుందట. మందుల షాపు కుర్రాడికి తెలిసింది మీకు తెలియదా డాక్టరుగారూ? చుక్క పొంగలేదని నర్సు మొత్తుకుంటే, ఎందుకని అడగాల్సిన చోట మీరు తోలు కొలిచారు. ఆయాసం ఉన్నవాణ్ణి, లేనివాళ్ళ మోతాదు ఇచ్చి కుర్చీలో కూచోబెట్టారు. సూది తెలిసిన పిల్లని పూలు మొయ్యడానికి పంపారు. పైగా హత్య ఆ పిల్ల మెడకి చుట్టారు!"

రామభద్రరావు కాఫీ కప్పు కింద పెట్టాడు. "బస్సు బిళ్ళ సంగతి నాకు... దురద మాత్రలు, జలుబు మాత్రలు వేసుకున్నారా అని సుమిత్ర ప్రతివాళ్ళనీ అడుగుతుంది."

"వేసుకోలేదనే చెబుతారు. వాళ్ళకది వాంతి బిళ్ళ. ఇంతకీ సుమిత్ర గారెక్కడ?"

అప్పుడు వినిపించింది, నడవా చివర్నించి, మిషను సన్నటి రొద.

"ఆ గదిలో ఎవరున్నారు?"

"బుల్లబ్బాయి," అన్నాడు డైరెక్టరు. "అదే మిల్లు, అదే బస్సు. ఇవాళ అతని వంతు."

"శవం ఇంకా ఇంటికి వెళ్ళలేదు, అప్పుడే ఇంకో వంతా!"

"కారణం తేలిపోయింది, నర్సు తప్పు అని సీఐ గారే సర్టిఫై చేశారుగా! ఇంక ఆపడం దేనికి? కమిటీ సాయంత్రానికి రిజల్టు అడిగింది..."

చివరి మాటలు వినడానికి ప్రేమమణి అక్కడ లేదు. అందరికంటే ముందు మార్త పరిగెత్తింది.

వాలు కుర్చీలో నడివయసు మనిషి, మొహానికి మాస్కు. పక్కన సుమిత్ర, చేతిలో స్టాప్‌వాచీ, మొహంలో చిరునవ్వు. "చప్పుడు చెయ్యకండి," అంది. "చూడండి, శాంత వర్గం ఎంత ప్రశాంతంగా..."

బుల్లబ్బాయి గొంతులోంచి కీచుమని ఒక కూత వచ్చింది. తర్వాత ఇంకోటి. రొమ్ము ఎగిసి, ఎగిసిన చోటే ఆగిపోయింది. కుర్చీ చేతుల్ని పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి.

సుమిత్ర చేతిలోంచి స్టాప్‌వాచీ జారి పడింది.

"ఇదేమిటి! పొద్దున నా చేత్తో ఇచ్చానే! బిళ్ళ మింగలేదా నువ్వు?"

ఆ మాట గదిలో అందరి చెవులా పడింది. సీఐ గోక్కోవడం మానేశాడు. మార్తకి మాత్రం వినే తీరిక లేదు. మాస్కు లాగి అవతల పారేసింది, ట్రేలో సూది సీలు పళ్ళతో చింపింది, లుంగీ మీంచే తొడలో పొడిచింది. "ఊపిరి తీస్కో అన్నా, జెర మెల్లగ, నన్ను చూడు, నేనీడనే ఉన్న, యాడికీ పోను," అంటూ వీపు పట్టుకుని ముందుకి కూచోబెట్టింది.

ఎంతసేపో తెలియదు. కూత సన్నబడింది. రొమ్ము దిగింది, మళ్ళీ ఎగిసింది. బుల్లబ్బాయి కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా చొక్కా జేబులో చెయ్యి పెట్టి, బస్సు టికెట్టులో మడిచిన చిన్న తెల్ల బిళ్ళ తీశాడు.

"కోప్పడకండి డాటరమ్మా," అన్నాడు, మాటకో ఊపిరి తీసుకుంటూ. "సత్రం నుంచి నడిసే వొచ్చినాను గదా... తిరుగు బస్సుకని దాసినాను."

గుమ్మంలో అప్పలలక్ష్మి నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. ముడి విప్పి తన బిళ్ళని ట్రేలో పెట్టింది. బుల్లబ్బాయి బిళ్ళ దాని పక్కన చేరింది. ప్రేమమణి హ్యాండ్‌బ్యాగు తెరిచి మూడోది పెట్టింది.

"ఇది నాకిచ్చారు, గంటపోయాక చుక్క పెడతానని," అంది సుమిత్ర కళ్ళలోకి చూస్తూ. "నేను మింగి ఉంటే నా చెయ్యీ పొంగేది కాదు. సీసా చచ్చిందని తేలేది. మార్త జైలుకి పోయేది. శాంత వర్గం దొరక్కపోతే బిళ్ళలు మింగించి తయారు చేసుకున్నారు, అంతేనా డాక్టరుగారూ? ఇంకా ఎంతమందికి పంపారు టికెట్లు?"

సుమిత్ర నలగని చీర కుచ్చెళ్ళు సర్దుకుంది.

వరహాలబాబు చేతిలో సంకెళ్ళు అలాగే వేలాడుతున్నాయి. ఆయన మొదటిసారి అప్పలలక్ష్మి మొహంలోకి చూసి, చూడలేక తల దించుకున్నాడు. గోడ గడియారం మూడు కొట్టింది.

"కానివ్వండి సీఐ గారూ," అంది ప్రేమమణి. "ముహూర్తం మీరు పెట్టుకున్నదే. పెళ్ళికూతురే మారింది."